ఫోన్ వెలిగింది, నంబర్ రాలేదు: ఒకే స్విచ్ పోర్టులో వాయిస్, డేటా, కరెంటు

స్క్రీన్: ఐపీ ఫోన్ డిస్‌ప్లే, బాగా దగ్గరగా. లైటు వెలిగి ఉంది. నంబర్ ఉండాల్సిన చోట "రిజిస్టరింగ్" అని తిరుగుతూనే ఉంది.

వాయిస్: ఫోన్‌కి కరెంటు వచ్చింది. దాని వెనకాల తగిలించిన పీసీలో నెట్ కూడా బాగానే వస్తోంది. ఫోన్ మాత్రం ఎంతసేపటికీ రిజిస్టర్ కావడం లేదు, అంటే కాల్ సర్వర్‌లో నమోదై తన నంబర్ తెచ్చుకోవడం లేదు. ఇలాంటప్పుడు మనలో చాలామంది ముందు ఫోన్ పీకి మళ్లీ పెడతారు, తర్వాత ఫోనే మార్చేస్తారు. పాపం ఫోన్ ఏ తప్పూ చేసి ఉండదు. స్విచ్ కాన్ఫిగరేషన్‌లో ఎక్కడో ఒక లైను తక్కువై ఉంటుంది.

ఆ లైను దొరకాలంటే కమాండ్లు బట్టీ పడితే చాలదు. కేబుల్ తగిలించిన క్షణం నుంచి ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలియాలి. ముందు కరెంటు, తర్వాత వీల్యాన్ (ఒకే స్విచ్‌లో నెట్‌వర్క్‌ని విడివిడి గుంపులుగా చేసే పద్ధతి), ఆ తర్వాత ఐపీ అడ్రస్. ఫోన్ ఏ మెట్టు దగ్గర ఆగిందో చూస్తే సగం పని అయిపోయినట్టే.

ఈ వీడియోకి సిస్కో క్యాటలిస్ట్ 2960-ఎక్స్ స్విచ్ తీసుకున్నాను. పాత మోడలే, కానీ చాలా ఆఫీసుల్లో ర్యాక్ తలుపు తీస్తే ఇప్పటికీ ఇదే కనిపిస్తుంది.

స్క్రీన్: 7వ నంబర్ పోర్టులోకి ప్యాచ్ కార్డ్ వెళ్తోంది. పోర్టు లైటు ఇంకా వెలగలేదు.

వాయిస్: ఇది పీఓఈ స్విచ్, అంటే నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపేది కాబట్టి కేబుల్ పెట్టగానే 48 వోల్టులు తోసేస్తుందని కొందరి భయం. అలా చేయదు. ముందు పది వోల్టుల లోపు చిన్న వోల్టేజ్ పెట్టి అవతల ఏముందో చూస్తుంది. పీఓఈ పరికరంలో 25 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. అది కనిపిస్తేనే కరెంటు ఇస్తుంది. అందుకే ఇదే పోర్టులో మామూలు ల్యాప్‌టాప్ పెట్టినా ఏమీ కాదు. మార్కెట్లో చవగ్గా దొరికే 24 వోల్టుల ప్యాసివ్ ఇంజెక్టర్లకు మాత్రం ఈ మర్యాద లేదు. అవతల ఏముందో చూడకుండానే ఇచ్చేస్తాయి. వాటితో జాగ్రత్త.

గుర్తుపట్టాక స్విచ్ ఇంకోటి తెలుసుకుంటుంది: నీది ఏ క్లాస్? క్లాస్ 1 అయితే 4 వాట్లు, క్లాస్ 2 అయితే 7, క్లాస్ 3 అయితే 15.4, క్లాస్ 4 అయితే 30. క్లాస్ చెప్పని పాత పరికరాన్ని క్లాస్ 0 కింద లెక్కేసి దానికీ 15.4 వాట్లు పక్కన పెడుతుంది. 15.4 అన్నది 2003లో వచ్చిన 802.3 ఏఎఫ్ స్టాండర్డ్, 30 వాట్లు 2009 నాటి ఏటీ స్టాండర్డ్. 2018లో వచ్చిన బీటీ 90 వాట్ల దాకా వెళ్తుంది, కానీ డెస్క్ ఫోన్‌కి అంత అక్కర్లేదు. ఇవన్నీ స్విచ్ దగ్గర లెక్కలు. దారిలో కేబుల్ కొంత తినేస్తుంది కాబట్టి 15.4లో పరికరానికి గ్యారంటీగా అందేది 12.95 వాట్లే.

స్క్రీన్: "షో పవర్ ఇన్‌లైన్" అవుట్‌పుట్. పై వరసలో మొత్తం, వాడినది, మిగిలినది.

వాయిస్: ఇక్కడ కాసేపు ఆగుదాం. కొత్తగా ఫోన్లు పెట్టే ఆఫీసుల్లో ఎక్కువ గొడవ వచ్చేది ఇక్కడే. కొటేషన్‌లో "48 పోర్టుల పీఓఈ స్విచ్" అని ఉంటుంది. 48 ఫోన్లూ నడుస్తాయని మనం నమ్మేస్తాం. మోడల్ నంబర్ చివర ఎల్‌పీఎస్ అని ఉంటే ఆ స్విచ్ దగ్గర పీఓఈకి ఉన్నది మొత్తం 370 వాట్లు. 15.4 చొప్పున పంచితే 24 పోర్టులకు సరిపోతుంది, 25వ ఫోన్ వెలగదు. ఎఫ్‌పీఎస్ మోడల్‌లో 740 వాట్లు ఉంటాయి, దాంతో 48 పోర్టులకూ 15.4 ఇవ్వొచ్చు. చూడ్డానికి రెండు డబ్బాలూ ఒకేలా ఉంటాయి.

అలాగని ఎల్‌పీఎస్ పనికిరాదని కాదు. 48 ఫోన్లూ క్లాస్ 2 అయితే 7 చొప్పున 336 వాట్లు, హాయిగా సరిపోతుంది. అదే స్విచ్‌కి క్లాస్ 4 వైఫై యాక్సెస్ పాయింట్లు ఆరు తగిలిస్తే అవే 180 వాట్లు తీసుకుంటాయి. అవి నిజంగా అంత వాడకపోయినా సరే, రిజర్వ్ చేసిన సీటు ఖాళీగా వెళ్తున్నా ఇంకొకరికి ఇవ్వరు కదా, అలాగన్నమాట. సిస్కో ఫోన్ సీడీపీలో (సిస్కో పరికరాలు తమ గురించి పక్కవాటికి చెప్పుకునే పద్ధతి) "నాకు 6.3 వాట్లు చాలు" అని చెబితే స్విచ్ ఆ రిజర్వేషన్ తగ్గించుకుంటుంది. చెప్పని ఫోన్‌కి మనమే "పవర్ ఇన్‌లైన్ కన్సంప్షన్ 7000" అని మిల్లీవాట్లలో ఇవ్వొచ్చు. ఫోన్ అసలు వాడకం డేటాషీట్‌లో చూసుకునే ఈ పని చేయండి. మీటింగ్ రూమ్ ఫోన్ లాంటి ముఖ్యమైన వాటికి "పవర్ ఇన్‌లైన్ స్టాటిక్" పెడితే ఆ వాటా ముందే పక్కన ఉంటుంది.

బడ్జెట్ ఉంది, క్లాస్ సరిగ్గా ఉంది, అయినా ఫోన్ వెలిగి ఆరిపోతోందా? కేబుల్ చూడండి. సీసీఏ అంటారు, అల్యూమినియం తీగకు రాగి పూత. డేటా ఎలాగో లాగించేస్తుంది, కరెంటు దగ్గర దొరికిపోతుంది. దానికి రెసిస్టెన్స్ ఎక్కువ, దూరం పెరిగేకొద్దీ వోల్టేజ్ పడిపోతుంది. ధర తక్కువని తెచ్చిన కేబుల్ బాక్సే అయినా ఎవరూ ముందు దాన్ని అనుమానించరు.

స్క్రీన్: టెర్మినల్. లైన్లు ఒక్కొక్కటిగా పడుతున్నాయి.

ఇంటర్‌ఫేస్ గిగాబిట్ 1/0/7
స్విచ్‌పోర్ట్ మోడ్ యాక్సెస్
స్విచ్‌పోర్ట్ యాక్సెస్ వీల్యాన్ 10
స్విచ్‌పోర్ట్ వాయిస్ వీల్యాన్ 20
స్పానింగ్-ట్రీ పోర్ట్‌ఫాస్ట్
స్పానింగ్-ట్రీ బీపీడీయూగార్డ్ ఎనేబుల్
పవర్ ఇన్‌లైన్ ఆటో

వాయిస్: ఫోన్ కడుపులో మూడు పోర్టుల చిన్న స్విచ్ ఉంటుంది. ఒకటి గోడ వైపు, ఒకటి పీసీ వైపు, ఒకటి ఫోన్ లోపలికి. పీసీ డేటా ట్యాగ్ (ఏ వీల్యానో చెప్పే గుర్తు) లేకుండా వస్తుంది, స్విచ్ దాన్ని వీల్యాన్ 10లో వేస్తుంది. ఫోన్ మాటలు 20 అనే ట్యాగ్ తగిలించుకుని వస్తాయి. రెండు వీల్యాన్లు వెళ్తున్నా ఇది ట్రంక్ (స్విచ్‌ల మధ్య చాలా వీల్యాన్లను మోసే పోర్టు) కాదు, యాక్సెస్ పోర్టే. అమీర్‌పేటలో సీసీఎన్ఏ (సిస్కో నెట్‌వర్కింగ్ కోర్సు) నేర్చుకున్నవాళ్లను ఇంటర్వ్యూలో ఇదే అడిగి తికమక పెడుతుంటారు.

సరే, 20 అని ట్యాగ్ తగిలించాలని ఫోన్‌కి చెప్పేదెవరు? స్విచ్చే చెబుతుంది. సిస్కో ఫోన్ అయితే సీడీపీలో, వేరే కంపెనీ ఫోన్ అయితే అదే పని చేసే, అన్ని కంపెనీలకూ ఉమ్మడిదైన ఎల్ఎల్‌డీపీ-మెడ్‌లో. మన మొదటి సీన్‌లో ఆగిపోయిన ఫోన్ దగ్గరికి ఇప్పుడు వెళ్దాం.

స్క్రీన్: ఫోన్ నెట్‌వర్క్ సెట్టింగ్స్. ఐపీ అడ్రస్ 192.168.10.84.

వాయిస్: చుక్కల మధ్య మూడో సంఖ్య చూశారా? 10. వాయిస్ వీల్యాన్‌కి మనం ఇచ్చింది 192.168.20 నెట్‌వర్క్. అంటే ఫోన్‌కి వీల్యాన్ సంగతి ఎవరూ చెప్పలేదు. అది ట్యాగ్ లేకుండా మాట్లాడి పీసీల గుంపులో కలిసిపోయింది. ఇది సిస్కో ఫోన్ కాదు, స్విచ్‌లో ఎల్ఎల్‌డీపీ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. గ్లోబల్ మోడ్‌లో "ఎల్ఎల్‌డీపీ రన్" కొట్టి ఫోన్ రీస్టార్ట్ చేస్తే 20లోకి వస్తుంది.

ఒకవేళ ఫోన్‌లో అసలు ఐపీయే లేకపోతే కథ వేరు. వీల్యాన్ 20 స్విచ్‌లో క్రియేట్ చేశారా, పైకి వెళ్లే ట్రంక్‌లో అనుమతి ఉందా చూడండి. ట్రంక్‌లో 20 చేర్చేటప్పుడు "స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 20" అనాలి. ఆ "యాడ్" మర్చిపోతే మిగతా వీల్యాన్లన్నీ ఎగిరిపోయి 20 ఒక్కటే మిగులుతుంది. ఫ్లోర్ మొత్తం ఒకేసారి "నెట్ పోయింది" అని అరుస్తుంది. సరైన ఐపీ వచ్చి కూడా సిస్కో ఫోన్ రిజిస్టర్ కాకపోతే, ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీలో ఆప్షన్ 150 చూడండి. ఫోన్ తన కాన్ఫిగరేషన్ ఫైలు తెచ్చుకోవాల్సిన టీఎఫ్‌టీపీ సర్వర్ అడ్రస్ అందులోనే ఉంటుంది.

పోర్ట్‌ఫాస్ట్ లేకపోతే, ఎక్కడైనా లూప్ ఉందేమోనని స్పానింగ్-ట్రీ చూసుకుని పోర్టు తెరవడానికి 30 సెకన్లు పడుతుంది. ఈ స్విచ్‌లో వాయిస్ వీల్యాన్ ఇవ్వగానే అదే ఆన్ అవుతుంది, అయినా రాసి పెట్టుకోవడం మంచిది. బీపీడీయూ గార్డ్ (పోర్టులోకి స్పానింగ్-ట్రీ సందేశం వస్తే ఆ పోర్టును మూసేసేది) మాత్రం మానొద్దు. టేబుళ్లు జరిపినప్పుడు ఎవరో ఒకరు ఫోన్‌కున్న రెండు పోర్టులనూ గోడలోకే పెట్టేస్తారు. లూప్ మొదలైతే, అంటే ప్యాకెట్లు అక్కడక్కడే తిరుగుతూ ఉంటే, నెట్‌వర్క్ అంతా కూర్చుండిపోతుంది. గార్డ్ ఉంటే సాధారణంగా ఆ పోర్టు ఒక్కటే మూతపడుతుంది.

క్యూఓఎస్, అంటే ఏ ప్యాకెట్లు ముందు వెళ్లాలో చెప్పే ఏర్పాటు, దాని గురించి ఒక్క మాట. జీ.711 (మాటను డిజిటల్‌గా మార్చే ఒక పద్ధతి) కాల్ సెకనుకు 50 ప్యాకెట్లు, మాట వరకు 64 కేబీపీఎస్. గిగాబిట్ పోర్టుకి అది లెక్కలోకే రాదు. ఇబ్బంది పెట్టేది లైను నిండినప్పుడు వచ్చే ఆలస్యం. ఫోన్ తన మాటల ప్యాకెట్లకు డీఎస్‌సీపీ 46 అని ప్రాధాన్యం చెప్పే ముద్ర వేసి పంపుతుంది. 2960-ఎక్స్‌లో "ఎంఎల్ఎస్ క్యూఓఎస్" ఆన్ చేసి, పోర్టులో ఆ ముద్రను నమ్మమని చెప్పే ట్రస్ట్ కమాండ్ ఇవ్వకుండా వదిలేస్తే స్విచ్ ఆ ముద్రను సున్నా చేసేస్తుంది. అంటే సగం చేసిన క్యూఓఎస్ కంటే అసలు చేయకపోవడమే నయం. కొత్త క్యాటలిస్ట్ 9200 సిరీస్‌లో ఈ బెడద లేదు, ముద్రను నమ్మడమే దాని డిఫాల్ట్.

స్క్రీన్: ఫోన్ డిస్‌ప్లే. అడ్రస్ 192.168.20.31, పైన ఎక్స్‌టెన్షన్ నంబర్. కింద టెర్మినల్‌లో "రైట్ మెమరీ".

వాయిస్: సేవ్ చేయండి. స్విచ్‌ని యూపీఎస్ మీద పెట్టారో లేదో కూడా ఓసారి చూడండి. ఇప్పుడు ఫోన్లకు కరెంటు ఇస్తోంది గోడలో ప్లగ్ కాదు, ఈ డబ్బా. యూపీఎస్ సైజు లెక్కేసేటప్పుడు స్విచ్ సొంత వాడకానికి పీఓఈ వాట్లు కలపండి, ఎల్‌పీఎస్ అయితే 370, ఎఫ్‌పీఎస్ అయితే 740. ఇక రీలోడ్ కొట్టాలంటే సాయంత్రం దాకా ఆగండి, స్విచ్ ఆగితే ఫోన్లన్నీ దాంతోపాటే ఆరిపోతాయి.