ట్రక్కు ఇంజిన్ మస్టాంగ్‌లోకి దిగిన కథ

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈసారి రికార్డింగ్ స్టూడియోలో కాదు, మిషిగన్‌లో, నోవైలో ఉండే మన అన్న గ్యారేజీలో. నా ఎదురుగా 1969 ఫోర్డ్ మస్టాంగ్ కారు ఉంది, బానెట్ ఎత్తి ఉంది, లోపల ఉన్నది మాత్రం ట్రక్కు ఇంజిన్. అన్నా, సూటిగా అడుగుతా. ఇంత అందమైన కారులో బరువులు లాగే ఇంజిన్ ఎందుకు పెట్టారు?

అతిథి: ఎందుకంటే ఇది ఈ కారులో పడుతుంది తమ్ముడూ. కారు బాడీని కోయకుండా పడుతుంది. నాకు కావలసింది అదొక్కటే. ఇది ఫోర్డ్ 7.3 లీటర్ల వీ8, అందరూ గాడ్జిల్లా అంటారు, 2020 మోడల్ సూపర్ డ్యూటీ ట్రక్కులతో వచ్చింది. 445 క్యూబిక్ ఇంచులు. అంకె విని ఇంత పెద్దది ఎక్కడ పడుతుందిలే అనుకుంటారు కానీ, అది లోపలి సిలిండర్ల లెక్క, మనకు కావలసింది బయటి కొలత.

హోస్ట్: ఫోర్డ్ కొయోటీ ఇంజిన్ 5 లీటర్లదే కదా, కొత్త మస్టాంగ్‌ల్లో వచ్చేది. చిన్నదే కదా మరి?

అతిథి: లీటర్లలో చిన్నది, వెడల్పులో పెద్దది. సిలిండర్ల పైన మూతలా ఉండేది హెడ్, వాల్వులను తెరిపించే కడ్డీ క్యామ్‌షాఫ్టు. కొయోటీకి ఒక్కో హెడ్ మీద రెండేసి క్యామ్‌షాఫ్టులు, మొత్తం నాలుగు, అందుకే హెడ్లు అంత లావు. గాడ్జిల్లాకు ఒక్కటే క్యామ్, అదీ బ్లాకు మధ్యలో, అక్కణ్నుంచి పుష్‌రాడ్లనే పొడుగు కడ్డీలు పైకి వెళ్లి వాల్వులను తెరుస్తాయి. 1960ల్లో ఇంజిన్లు ఎట్లా కట్టేవాళ్లో అట్లాగే. హెడ్లు సన్నగా ఉంటాయి. ఈ పాత మస్టాంగ్‌లో ఇంజిన్‌కు అటూ ఇటూ ఇవిగో, ఈ ఇనుప గోడలు చూడు, షాక్ టవర్లంటారు, ముందు సస్పెన్షన్ భారమంతా వీటి మీదే. కొయోటీ పెట్టాలంటే చాలామంది వీటిని కోసేసి, సస్పెన్షన్ మొత్తం మార్చేస్తారు. బాగా చేసిన పనులు నేను చూశాను, కాదనను. కానీ ఒకసారి కోశాక అది మళ్లీ ఆ కారు కాదు. నా మనసు ఒప్పుకోలేదు.

హోస్ట్: ఫోర్డ్ కూడా అప్పట్లో కోసింది కదా?

అతిథి: కోసింది! బాస్ 429 అనే మస్టాంగ్ కోసం, 429 క్యూబిక్ ఇంచుల ఇంజిన్‌తో. అమెరికాలో నాస్కార్ అనే కార్ల రేసుల్లో ఆ ఇంజిన్ వాడాలంటే అది ఉన్న కార్లు కనీసం 500 బయట జనానికి అమ్మి ఉండాలని రూలు. ఆ ఇంజిన్ మస్టాంగ్‌లో పట్టలేదు. దాంతో కార్లను కార్ క్రాఫ్ట్ అనే సంస్థకు పంపారు, బ్రైటన్‌లో, ఇక్కణ్నుంచి అరగంట దూరం. వాళ్లు షాక్ టవర్లను మార్చి, బ్యాటరీని డిక్కీలోకి జరిపి, దాదాపు చేతిపనిలా చేసిచ్చారు. 1969, 70 రెండేళ్లూ కలిపి 1,300 చిల్లర కార్లు. బ్రైటన్ మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

హోస్ట్: పవర్ సంగతి చెప్పండి. పాతదానికీ దీనికీ తేడా ఎంత?

అతిథి: నా కారుతో వచ్చింది 351 విండ్సర్ అనే ఇంజిన్, రెండు బ్యారెళ్ల కార్బురేటర్, పుస్తకంలో 250 హార్స్‌పవర్. ఆ అంకెను ఇప్పటి అంకెతో నేరుగా పోల్చకూడదు. అప్పుడు సైలెన్సర్, ఎయిర్ క్లీనర్, ఆల్టర్నేటర్ ఏవీ లేకుండా వట్టి ఇంజిన్‌ను కొలిచేవాళ్లు, 1972 నుంచి అన్నీ తగిలించి కొలవడం మొదలైంది. గాడ్జిల్లా అన్నీ తగిలించుకునే 5,500 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్ల దగ్గర, 430 హార్స్‌పవర్, 4,000 దగ్గర 475 పౌండ్-ఫీట్ టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుంది. నాకు ఆ టార్కే ముఖ్యం. ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర పాత కార్ల ఊరేగింపు, వుడ్‌వర్డ్ క్రూయిజ్‌కి వెళ్తే సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు పాకుతూ పోవడమేగా, అక్కడ 7,000 ఆర్‌పీఎం ఎవరికి కావాలి? కాలు ఆనిస్తే చాలు, కదులుతుంది.

హోస్ట్: ఇప్పుడు కష్టాలు చెప్పండి. వినేవాళ్లకు అదే కావాలి.

అతిథి: మొదటి కష్టం నేను కొనితెచ్చుకున్నదే. డబ్బు మిగులుతుందని దెబ్బతిన్న ట్రక్కులోంచి తీసిన ఇంజిన్ కొన్నా, పేరు చెప్పను, ఒక జంక్‌యార్డ్‌లో. ఇంజిన్ బంగారం. కానీ వైరింగును బ్లేడుతో కోసేసి ఇచ్చారు, కనెక్టర్లు సగం లేవు. ఒకటొకటి వెతికి అతికించుకుందామని మూడు వారాలు కూర్చున్నా, టెన్షన్‌తో నిద్ర లేదు. పైగా ట్రక్కు కంప్యూటర్‌కు దాని తాళం తెలియాలి, లేకపోతే స్టార్ట్ కానివ్వదు. చివరికి అవన్నీ పక్కన పెట్టి, ఫోర్డ్ పర్ఫార్మెన్స్ వాళ్లు ఈ ఇంజిన్ కోసమే అమ్మే కంట్రోల్ ప్యాక్ కొన్నా. కంప్యూటర్, వైరింగు, ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్ పెడల్, సెన్సర్లు కలిపి వస్తాయి. ముందే కొనాల్సింది. ఎవరైనా చేయాలనుకుంటే ఇంజిన్ ధరతోపాటే దాని ధర కూడా లెక్కేసుకోండి.

హోస్ట్: ఇంజిన్ దించాక?

అతిథి: మొదటిసారి దించితే కూర్చోలేదు. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ ట్రక్కులో లోతుగా ఉంటుంది, ట్రక్కు ఎత్తులో ఉంటుంది కాబట్టి వాళ్లకు ఏ బాధా లేదు. ఇక్కడ కిందుగా స్టీరింగ్ రాడ్లు అడ్డంగా పోతాయి. పాన్ మార్చాల్సి వచ్చింది. ఇంజిన్‌ను ఎక్కించడం దించడం ఆరుసార్లు. హెడ్లు టవర్ల మధ్య పట్టాయి కానీ పొగ బయటికి పోయే ట్రక్కు ఎగ్జాస్ట్ మానిఫోల్డులు తగిలాయి, అవి తీసేసి గొట్టాలు కొలత పెట్టి చేయించా. తర్వాత బానెట్. ఇంజిన్‌లోకి గాలి పంపే ట్రక్కు ఇన్‌టేక్ ఎత్తుగా ఉంటుంది. పిల్లలు ఆడుకునే క్లే ముద్దలు ఇంజిన్ మీద అక్కడక్కడా పెట్టి, బానెట్ మెల్లగా దించి మళ్లీ తీసి, ముద్ద ఎంత అణిగిందో చూస్తే ఎక్కడ ఎంత చోటుందో తెలిసిపోతుంది. నా ముద్ద ఒకటి కాగితంలా అయింది. పొట్టి ఇన్‌టేక్ వేశా. గేర్‌బాక్స్ కూడా అంతే, ట్రక్కుది 10 స్పీడ్ల ఆటోమేటిక్, భారీది, పెట్టాలంటే కారు అడుగున గేర్‌బాక్స్ కూర్చునే టన్నెల్ కోయాలి. అందుకే ట్రెమెక్ కంపెనీ ఐదు గేర్ల మాన్యువల్ వేశా.

హోస్ట్: పెట్రోల్ ట్యాంకు పాతదేనా?

అతిథి: కాదు, ఇది ఎవరూ అశ్రద్ధ చేయకూడదు. ఈ మస్టాంగ్‌ల్లో పెట్రోల్ ట్యాంకు పైభాగమే డిక్కీ అడుగు. నువ్వు సూట్‌కేస్ పెట్టేది ట్యాంకు నెత్తిన. కార్బురేటర్‌కు ఐదారు పీఎస్‌ఐ ప్రెషర్ చాలు, ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు దాదాపు 60 పీఎస్‌ఐ కావాలి. పాత రబ్బరు పైపులు దాన్ని ఆపలేవు. ట్యాంకు, పంపు, లైన్లు అన్నీ కొత్తవి. బ్రేకులు కూడా, పాత డ్రమ్ము బ్రేకులతో ఈ ఇంజిన్ తోలితే ప్రాణం మీదకొస్తుంది.

హోస్ట్: హైదరాబాద్ నుంచి వినేవాళ్లు మేమూ చేస్తాం అంటారు.

అతిథి: అక్కడ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, ఇంజిన్ మార్చాలంటే ఆర్టీఓ అనుమతి తప్పదు, ముందు అది చూసుకోండి. మిషిగన్‌లో పొగ పరీక్ష లేదు, నాకు ఆ ఇబ్బంది రాలేదు. అసలు నాకు ఈ పిచ్చి పట్టింది విజయవాడ ఆటోనగర్‌లో తమ్ముడూ. మా బాబాయి పెట్రోల్ జీపుకు డీజిల్ ఇంజిన్ వేయిస్తుంటే రోజంతా అక్కడే నిలబడ్డా. ఆ మేస్త్రీ టేపు కూడా పట్టకుండా, జాన బెట్టి చూసి ఇంజిన్‌ను పట్టుకునే మౌంటింగులు వెల్డింగ్ చేశాడు, సరిగ్గా కూర్చుంది. నేను ఆరుసార్లు దించినప్పుడల్లా ఆయనే గుర్తొచ్చాడు.

హోస్ట్: మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు?

అతిథి: ముందు పెట్రోల్ లైన్లకు ప్రెషర్ ఎక్కించి ప్రతి జాయింటూ చేత్తో తడిమా. తర్వాత పెడల్ పూర్తిగా తొక్కి క్రాంక్ చేశా, అట్లా చేస్తే కంప్యూటర్ పెట్రోల్ ఆపేస్తుంది, ఇంజిన్ వట్టిగా తిరిగి ఆయిల్ పైకొస్తుంది. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచాక కాలు తీసి మళ్లీ తాళం తిప్పా. రెండో చుట్టుకే అందుకుంది. మా అమ్మాయి లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది, గిన్నెలు అదురుతున్నాయని.

హోస్ట్: మరి ఆ పాత 351 అమ్మేశారా?

అతిథి: లేదు, వెనకాల చూడు, ఆ గుడ్డ కప్పి స్టాండు మీదున్నది అదే. ఈ మౌంటింగులన్నీ బోల్టులతోనే బిగించా, టవర్లు ఫోర్డ్ ఇచ్చినట్టే ఉన్నాయి. ఎప్పుడైనా ఇది విప్పి అది పెట్టేయొచ్చు. నెలకోసారి ప్లగ్గులు తీసి, సిలిండర్లలో నాలుగు చుక్కల ఆయిల్ వేసి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ గుడ్డ కప్పేస్తా.