26 డాలర్ల బడి

(డాలస్ సమీపంలోని ఒక తెలుగు బడి వార్షికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పెద్దలకు, ఉపాధ్యాయులకు, పొద్దుటి నుంచి పట్టులంగాలతో ఓపిగ్గా కూర్చున్న చిన్నారులకు నా శుభాకాంక్షలు. నిర్వాహకులు నన్ను మాతృభాష గురించి మాట్లాడమన్నారు. మన్నించాలి, నేను ఇంటి పన్ను గురించి, అంటే ఇక్కడ మన బడులు చాలావరకు ఏ పన్ను మీద నడుస్తాయో దాని గురించి మాట్లాడతాను. ఎందుకంటే ఇందాక భోజనాల దగ్గర ఒక మిత్రుడు "మేం కట్టే బడి పన్ను ఎవరెవరికో పంచిపెడుతున్నారు" అని వాపోతే, చుట్టూ ఉన్న నలుగురూ అవునవునన్నారు.

ఆ "ఎవరెవరికో" ఒక చిరునామా ఉంది. మన టెక్సస్‌లోనే, శాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ అని, పేద మెక్సికన్ అమెరికన్ల పేట. 1968 మే నెలలో అక్కడి హైస్కూలు పిల్లలు పగిలిన కిటికీలు బాగుచేయించమని, అర్హతగల పంతుళ్లను వేయమని అడుగుతూ తరగతులు వదిలి బయటికి వచ్చారు. ఆ ఏడాదే డెమెట్రియో రోడ్రిగ్స్ అనే రేకుపని కార్మికుడు, మరికొందరు తల్లిదండ్రులు, ఏ పేట ఆస్తి పన్ను ఆ పేట బడికే అనే ఈ పద్ధతి మీద దావా వేశారు. ఆ దావా తీర్పులోని అంకెలు నాకు కంఠతా వచ్చు. ఎడ్జ్‌వుడ్ వాసులు 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల చొప్పున, ఆ నగర ప్రాంతం మొత్తంలోనే అత్యధిక పన్ను కట్టినా, రాష్ట్ర పథకానికి తమ వాటా పోగా ఒక్కో విద్యార్థికి మిగిలింది 26 డాలర్లు; సంపన్నులుండే ఆలమో హైట్స్ 85 సెంట్ల చొప్పునే కట్టి 333 డాలర్లు మిగుల్చుకుంది. ఎక్కువ రేటున కట్టినవాళ్లకు 26, తక్కువ రేటున కట్టినవాళ్లకు 333. వెనక వరుసల్లో ఉన్నవారికి వినబడిందా?

1973లో సుప్రీంకోర్టు, నలుగురు న్యాయమూర్తులు కాదన్నా అయిదుగురి మాటగా, చదువు సమాఖ్య రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కు కాదని తేల్చి రోడ్రిగ్స్‌ను ఓడించింది. ఎడ్జ్‌వుడ్ ఊరుకోలేదు. 1989లో టెక్సస్ సుప్రీంకోర్టులో గెలిచింది. ఆ గెలుపు వెంట వచ్చిన 1993 చట్టమే, సంపన్న ప్రాంతాల బడి పన్నులో కొంత తీసి పేద ప్రాంతాల బడులకు పంచే చట్టమే, మన మిత్రుడి మనోవ్యథ.

నేనేమీ పత్తిత్తును కాను. ఇల్లు కొనేటప్పుడు ఏజెంటు ఒక రోడ్డు మీద కారాపి, ఇటు ఇల్లు, అటు ఇల్లు చూపించాడు. అదే బిల్డరు, అదే ప్లాను, వంటగదిలో అదే గ్రానైటు. అటువైపుది 30,000 డాలర్లు తక్కువ. "అటువైపు బడి రేటింగు పదికి ఆరండీ" అన్నాడు. నేను ఇటువైపే సంతకం పెట్టాను. మా పెరటి కంచె మీదుగా చూస్తే అటువైపు బడి బస్సు ఆగే చోటు కనిపిస్తుంది.

కృష్ణా జిల్లాలో నేను చదివిన జిల్లా పరిషత్ హైస్కూలు పైకప్పు కారేది, రెండు తరగతులకు ఒకే నల్లబల్ల ఉండేది. అయినా మా లెక్కల మాస్టారి జీతం మా వీధి ఇళ్ల ఖరీదును బట్టి రాలేదు. అయ్యా, అమ్మా, ఆ మాస్టారి జీతానికి ఏ జిల్లా రైతులు పన్ను కట్టారో మనలో ఎవరమైనా ఎన్నడైనా అడిగామా?

సమయం మించిందని చీటీ పంపారు. పిల్లలూ, ఇక మీ పద్యాలు కానివ్వండి.