ఒకే కొమ్మ, మూడు రెమ్మలు

శ్రోతలకు నమస్కారం. ఒక్క క్షణం నాలుక పైకెత్తి అంగిలికి ఆనించండి. ఆనిందా? మీరు అమ్మ కడుపులో నాలుగు వారాల పిండంగా ఉన్నప్పుడు ఆ నోటి పైకప్పు నుంచి ఒక చిన్న సంచి మొలిచి, మెదడు వైపు పాకింది. 1838లో దాన్ని వర్ణించిన రాత్కే అనే శాస్త్రవేత్త పేరుతో రాత్కే సంచి అంటారు. పైనుంచి మెదడు కూడా ఒక తొడిమను కిందికి దించుతుంది. రెండూ కలిస్తే పీయూష గ్రంథి. బఠానీ గింజంత ఉంటుంది. వెనక భాగం మెదడుది, ముందు భాగం నోటిది!

ఆ ముందు భాగంలో హార్మోన్లు తయారుచేసే కణాలు ఐదు రకాలు. ఎదుగుదల హార్మోన్‌కు ఒకటి, తల్లికి పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్‌కు ఒకటి, థైరాయిడ్‌ను తట్టిలేపే టీఎస్‌హెచ్‌కు ఒకటి. మిగతా రెండూ అడ్రినల్ గ్రంథుల్నీ, అండాశయాల్నీ, వృషణాల్నీ నడిపిస్తాయి. సంచి ఒకటే కదా, మరి ఈ పనులు పంచిందెవరు?

జవాబు ఒక చిట్టెలుక చెప్పింది. నాకు ఆ చిట్టెలుకంటే మహా ఇష్టం.

1929లో అమెరికాలో జార్జ్ స్నెల్ అనే యువకుడు మరుగుజ్జు చిట్టెలుకల గురించి రాశాడు. తర్వాత ఆయనకు నోబెల్ కూడా వచ్చింది లెండి, అది వేరే పనికి. పుట్టినప్పుడు పిల్లలన్నీ ఒకేలా ఉండేవి. రెండు వారాలు తిరిగేసరికి కొన్ని ఆగిపోయేవి. తోబుట్టువులు పెరుగుతుంటే ఇవి పొట్టి తోకతో, పొట్టి మూతితో అలాగే ఉండిపోయేవి. మరుసటి ఏడాదే స్మిత్, మాక్‌డోవెల్ అనే ఇద్దరు ఆరోగ్యంగా ఉన్న ఎలుకల పీయూష గ్రంథులు తీసి వీటి ఒంట్లో పెట్టి చూశారు. పెరిగాయి! అంటే లోపమంతా ఆ బఠానీ గింజంత గ్రంథిలోనే ఉందన్నమాట.

తీరా చూస్తే ఎదుగుదల హార్మోన్ లేదు. ప్రొలాక్టిన్ లేదు. టీఎస్‌హెచ్ లేదు. మిగతా రెండు రకాల కణాలు మాత్రం ఉన్నాయి. ఒక్క ఎలుకకు మూడు జబ్బులా? 1990లో గుట్టు తెలిసింది. పిట్-1 అనే ఒక్క జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. ఆ మూడు రకాల కణాలూ పిట్-1 అనే ఒకే కొమ్మకు వేసిన మూడు రెమ్మలు. కొమ్మ విరిగింది, మూడు రెమ్మలూ పోయాయి. పిట్-1 కంటే ముందే మేల్కొని దానికి దారి వేసే జన్యువు 1996లో దొరికింది. దాని పేరు ప్రాప్-1, అంటే ‘ప్రాఫెట్ ఆఫ్ పిట్-1’, పిట్-1 ప్రవక్త అన్నమాట. శాస్త్రవేత్తలకు హాస్యం తెలియదనేవాళ్ళు ఈ పేరు వినాలి.

మనలోనూ ఇవే జన్యువులున్నాయి. వీటిలో తప్పు దొర్లడం అరుదు. అలాంటి పిల్లలు కూడా చాలావరకు మామూలుగానే పుడతారు, ఆ చిట్టెలుకల్లాగే. వెనకబడేది తర్వాతే. అందుకే చెబుతున్నా, ఏటా పిల్లల ఎత్తు కొలిచి గీత గీయండి. మా ఇంటి ద్వారబంధం మీద మా అమ్మాయి పుట్టినరోజు గీతలున్నాయి. రంగులేసే అబ్బాయి వాటిమీద బ్రష్ పెట్టబోతే మా ఆవిడ అడ్డం నిలబడింది!

నాలుగేళ్ళు దాటిన పిల్లలు ఏటా సుమారు 5 సెంటీమీటర్లు పెరుగుతారు. గీతకూ గీతకూ మధ్య అంతకు బాగా తగ్గితే “వాళ్ళ తాతా పొట్టేగా” అని ఊరుకోకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. టెన్షన్ పడకండి, పొట్టి పిల్లల్లో ఎక్కువమందికి ఏ లోపమూ ఉండదు. ఉంటే ఇంజెక్షన్లున్నాయి, థైరాయిడ్ మాత్రలున్నాయి. కాకపోతే ఎముకల చివర ఉండే ఎదిగే భాగాలు మూసుకుపోకముందే మొదలుపెట్టాలి.

చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, తలమీద పుస్తకం సమంగా పెట్టి గీయండి. పక్కన తేదీ రాయడం మరిచిపోకండి.