కాలనీ పార్కు స్థలం అసలు ఎవరిది?

నమస్తే. ఏ కాలనీకి వెళ్లినా ఒక మాట వినిపిస్తుంది: "ఆ పార్కు స్థలం మున్సిపాలిటీది, మనకెందుకండీ?" వింటే ఒళ్లు మండుతుంది నాకు. కబ్జా చేసేవాడికి దారి ఇచ్చేది ఈ మాటే.

అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటారు. గదులు ఎవరివి వాళ్లు రాసుకుని, బావిని ఉమ్మడిగా వదిలేస్తారు. లేఅవుట్‌లో, అంటే ప్లాట్లుగా విడగొట్టిన స్థలంలో, పార్కు లాంటి వాటికి వదిలే ఓపెన్ స్పేస్ ఆ బావి లాంటిదే. అనుమతి రావాలంటే, రోడ్లు కాకుండా, సాధారణంగా 10 శాతం స్థలం వదలాలి. దాన్ని గిఫ్ట్ డీడ్‌తో, అంటే దానపత్రంతో, మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థకు రాసిస్తారు. మరి దాని ధర ఎవరు కట్టారు? ప్లాటు కొన్న మీరే! గజం రేటులోనే అది కలిపేశారు. కాగితం ఎవరి పేరున ఉన్నా నీళ్లు తోడుకునే హక్కు మీది.

ఇప్పుడు పెద్దన్న వచ్చి "బావి పూడ్చి దేవుడి గది కడతా" అన్నాడనుకోండి. కాదనడానికి ఎవరికీ నోరు రాదు. కాలనీల్లోనూ అంతే. ఓ రోజు పొద్దున్నే చూస్తే పార్కు మూలన లారీ ఇసుక, పక్కన సిమెంటు ఇటుకలు. వారం తిరిగేసరికి రేకుల షెడ్డు. అడిగితే "కమ్యూనిటీ హాలు, అందరి మంచికే కదా" అంటారు.

మంచి పనైనా పార్కులో కుదరదు. బెంగళూరులో రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్ అని ఉంది. అక్కడ పార్కుకు ఉంచిన స్థలాన్ని, ముఖ్యమంత్రి చెప్పారని, నర్సింగ్ హోమ్ కట్టుకోమని ఒక ట్రస్టుకు ఇచ్చేశారు. స్థానికులు కోర్టుకెక్కారు. హైకోర్టులో ఒకే జడ్జి విన్నప్పుడు ఓడిపోయారు, అదే కోర్టులో ఒకరికి మించి జడ్జీలుండే డివిజన్ బెంచ్ దగ్గర గెలిచారు. 1991లో సుప్రీంకోర్టు కూడా వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. "మీకేం సంబంధం" అన్న వాదన అక్కడ నిలవలేదు. పార్కు పోతే నష్టపోయేది ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లే కదా! ఆసుపత్రికే కుదరనప్పుడు ఫంక్షన్ హాలు ఎంత?

అయితే కోర్టు దాకా పోకుండా కాపాడేది ఒకటుంది. తోడని బావి పూడిపోతుంది. బతుకమ్మ ఆడే చోట, సాయంత్రం పెద్దవాళ్లు కూర్చునే చోట, పిల్లలు క్రికెట్ ఆడే చోట ఇసుక దింపాలంటే ఎవడైనా జంకుతాడు. గడ్డి పాడవుతుందని పార్కు గేటుకు తాళం వేసే అసోసియేషన్లను చూస్తే బాధేస్తుంది. బావికి వాళ్లే మూత పెడుతున్నారు!

టైమ్ అయిపోతోంది, మిగతావి చకచకా చెప్పేస్తా. అసోసియేషన్‌ని సొసైటీగా రిజిస్టర్ చేయించండి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి, ఆమోదించిన లేఅవుట్ ప్లాన్, గిఫ్ట్ డీడ్ కాపీలు అడగండి. కాపీల ఖర్చు వేరే. స్థలం కొలిపించి కంచె వేయమని మున్సిపాలిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. సర్వే నంబరుతో బోర్డు పెట్టించండి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్ లోపలైతే కబ్జాలు తొలగించడానికి 2024లో వచ్చిన ప్రభుత్వ సంస్థ హైడ్రాకు కూడా ఫిర్యాదు చేయొచ్చు. పునాది తవ్వుతుండగానే వెళ్లండి, స్లాబు పడ్డాక చాలా కష్టం. ఈ దరఖాస్తుల్లో రాయడానికి లేఅవుట్ నంబరు తెలియదంటారా? మీ సేల్ డీడ్ తీసి చూడండి, చాలావరకు అందులోనే ఉంటుంది.