పండు ఆగదు, డ్రమ్ము ఆగుతుంది

(తిరుపతిలో డిగ్రీ అర్థశాస్త్రం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

తిరుపతిలో మాట్లాడుతూ లడ్డూ ఊసెత్తకుండా ఉండడం నా వల్ల కాదు, అక్కడే మొదలుపెడతాను. కొండమీద పోటులో, అంటే గుడి వంటశాలలో, లడ్డూకి ఒక దిట్టం ఉంది, ఏ దినుసు ఎంత వేయాలన్న కొలత. 5,100 లడ్లకు చక్కెర 400 కిలోలు, శనగపిండి 180, నెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4. కూడితే 803 కిలోలు. ఇందులో పొలం నుంచి నేరుగా పోటులోకి వచ్చేది ఏదైనా ఉందా? యాలకులు అంటారేమో, అవీ ఎండబెట్టి వచ్చినవే. శనగలు మిల్లులో పప్పయి, పిండి అయ్యాయి. జీడిగింజను కాల్చి, కొట్టి, పొట్టు తీసిన చేతులు వేరే ఉన్నాయి. మీ సిలబస్‌లో 'వ్యవసాయాధారిత పరిశ్రమలు' అన్న పాఠం ఉంది కదా, అది మన ప్రసాదం కవర్లోనే ఉంది.

దేశంలో పనిచేసేవాళ్ళు నూరుమంది అనుకుంటే సుమారు 46 మంది వ్యవసాయంలోనే ఉన్నారు. దేశ ఆదాయంలో దాని వాటా మాత్రం 18 శాతం దగ్గర తిరుగుతోంది. ఈ తేడాకి కారణాలు చాలా ఉన్నాయి. పంట పొలం గట్టు దాటాక పెరిగే విలువ ఇంకొకరి ఖాతాలో పడడం వాటిలో ఒకటి. పత్తి రైతు దగ్గర ఉన్నంతసేపు వ్యవసాయం, గింజ తీసి దూది వేరుచేసే జిన్నింగ్ మిల్లు గేటు దాటిందంటే పరిశ్రమ. ఆ గేటు లోపల, బట్టల రంగంలో, నేరుగా బతుకుతున్నవాళ్ళు నాలుగున్నర కోట్లు ఉంటారని లెక్క. గేటుకు రెండు పక్కలా జనం ఎలా ముడిపడి ఉంటారో 1947లో జనపనార చూపించింది. దేశం రెండయినప్పుడు మిల్లులు హుగ్లీ ఒడ్డున మనకు మిగిలాయి, జనపనార పండే నేల చాలావరకు తూర్పు పాకిస్తాన్‌కు పోయింది. నార లేక మగ్గాలు, కొనేవాడు లేక పంట, రెండూ ఇబ్బంది పడ్డాయి.

ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. నేను చెప్పదలచుకున్నది వేరు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పంటల్ని ఒక్క ప్రశ్నతో కొలిచి చూడండి: కోశాక చెడకుండా ఎంతసేపు ఆగుతుంది?

పాలు పూటకు మించి ఆగవు. అందుకే ఊరూరా పాల కేంద్రం, దారిపొడవునా చిల్లింగ్ సెంటర్లు పుట్టాయి. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడ్డా పాలు పిండడం ఎవరూ ఆపలేదు, ఆపలేరు కూడా. ప్రైవేటు క్యాన్లలో పోశారు. చెరకు కొట్టిన మర్నాటి నుంచే తీపి తగ్గుతుంది. దీన్ని ప్రభుత్వం ఎప్పుడో గుర్తించింది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, చెరకు అందిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బు కట్టాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ కలపాలి. ఏటా కేంద్రం ఒక ధర కూడా ప్రకటిస్తుంది. అమలు సంగతి గాజులమండ్యం వైపు చెరకు వేసినవాళ్ళను అడిగితే చెబుతారు, అక్కడి సహకార ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళయింది. అయినా చెరకు రైతుకు ఇంకో దారి ఉండేది. ఫ్యాక్టరీ పిలవకపోతే ఇంటి దగ్గరే గానుగ పెట్టి, పిప్పినే పొయ్యిలో ఎగదోసి, బెల్లం వండుకునేవాడు. బెల్లం నెలల తరబడి ఆగుతుంది.

మామిడికి ఆ గానుగ లేదు.

నేను చెప్పే మామిడి రకాన్ని పేపర్లు తోతాపురి అంటాయి, మా తాతల నోట అది బెంగళూరా. ఊరగాయకి పనికొచ్చినా, పండుగా తినడానికి బంగినపల్లి ముందు నిలవదు. అయితే గుజ్జుకు దీన్ని మించింది లేదు. దిగుబడి బాగుంటుంది, ధర తక్కువ, గుజ్జు గుణం ఏటా ఒకేలా ఉంటుంది. దేశంలో మామిడి గుజ్జుకు రెండే పెద్ద కేంద్రాలు, చిత్తూరు, పక్కనే తమిళనాడులోని కృష్ణగిరి. కాయను మాగపెట్టి, కడిగి, టెంక తీసి, గుజ్జును వేడిచేసి, గాలి తగలని సంచిలో నింపి, 215 కిలోల డ్రమ్ములోకి దించుతారు. ఆ డ్రమ్ము ఏడాది పైగా చెక్కుచెదరదు. సౌదీకీ నెదర్లాండ్స్‌కీ పోతుంది. పారేసే టెంకలోనూ పని ఉంది. చాక్లెట్లో కోకో కొవ్వుకు బదులు కొంత మేర వాడుకోవచ్చని యూరప్ చట్టం ఒప్పుకున్న ఆరు కొవ్వుల్లో, టెంక లోపలి గింజ నుంచి తీసిన కొవ్వు ఒకటి.

ఇప్పుడు గేటు బయటికి రండి. మా నాయనతో ఒకసారి ఇంటి ట్రాక్టర్‌లో, గుజ్జు తీసే జ్యూస్ ఫ్యాక్టరీకి పోయాను. నాలుగు టన్నుల కాయ. చేతిలో టోకెన్. ముందు ట్రాక్టర్ల వరస మలుపు తిరిగి కనపడకుండా పోయింది. రెండు రాత్రులు రోడ్డుమీదే, ట్రాలీ కింద దుప్పటి పరుచుకుని పడుకున్నాం. రెండో రోజు మధ్యాహ్నానికి కాయల మధ్య నుంచి తీపి వాసన మొదలైంది. వాసన వస్తోందంటే తూకం తగ్గుతోందని, తరుగు పెరుగుతోందని నాయనకు తెలుసు. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషికీ తెలుసు. మూడో రోజు పొద్దున వాళ్ళు చెప్పిన రేటు వచ్చేటప్పుడు విన్న రేటు కాదు. నాయన ఒక్క మాటా అనకుండా కాటా ఎక్కించాడు.

2025 జూన్‌లో అదే కథ జిల్లా అంతటా జరిగింది. ముందటేడు గుజ్జు అమ్ముడుపోక నిల్వ ఉండిపోయింది, కాపేమో విరగకాసింది. ర్యాంపుల దగ్గర, అంటే కాయ కొనే చోట్ల, కిలో నాలుగు రూపాయలకూ అడిగేవాళ్ళు లేని రోజులొచ్చాయి. ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4, మొత్తం 12 అని తేల్చారు. పక్క రాష్ట్రాల కాయ రాకుండా ఆపితే కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఫ్యాక్టరీ వాళ్ళను తిట్టి ఊరుకోవడం తేలిక. వాళ్ళ యంత్రాలు ఏడాదిలో రెండు మూడు నెలలే తిరుగుతాయి, బ్యాంకు వడ్డీ పన్నెండు నెలలూ తిరుగుతుంది. కానీ ఒక తేడా ఉంది. వాళ్ళు డ్రమ్ములో పోసుకుని ధర కోసం ఎదురుచూడగలరు. చెట్టు ఎదురుచూడదు.

టమాటాని పెద్దగా కదిలించను. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో నూరు దాటింది, ఇంకో ఏడు రోడ్డు పక్కన పారబోశారు. పేస్టు ఫ్యాక్టరీలు పెట్టండి అంటారు గానీ, మనవాళ్ళు వేసేవి కూరకాయ రకాలు. నీరెక్కువ, పేస్టుకు గిట్టవు.

వేరుశనగ దగ్గర మాత్రం రైతు కొంచెం నిటారుగా నిలబడతాడు. ఎండబెట్టి మూట కడితే నెలలు ఆగుతుంది కాబట్టి. మన తిరుపతి పరిశోధన కేంద్రమే 'ధరణి' లాంటి రకాలిచ్చింది. మా ఊళ్ళో పద్ధతి మీకు తెలిసే ఉంటుంది: ఒలిచిన గింజలు మిల్లుకు తీసుకుపోతాం, కూలి ఇస్తాం, నూనె మనది, నూనె తీశాక మిగిలే చెక్క మనది. మిల్లు వాడిది ఆడించే పని వరకే. ధర ఎప్పుడు బాగుంటే అప్పుడు అమ్ముకుంటాం, లేదా వండుకుంటాం.

మామిడి గుజ్జును ఇట్లా కూలికి ఆడించుకోలేమా? ఒక్క రైతు వల్ల కాదు, ఒప్పుకుంటాను. ఫ్యాక్టరీ చిన్న సరుకుకు లైన్ నడపదు. రెండు మూడు వందల మంది కలిసిన ఉత్పత్తిదారుల సంఘం అయితే అడగగలదు. ఆడింపు కూలికీ, ఇంట్లో ఖర్చుకీ అప్పటికప్పుడు డబ్బు ఎక్కడిది అంటారు. నిల్వ పెట్టిన సరుకుకు గిడ్డంగి ఇచ్చే రసీదు మీద అప్పు పుట్టించే చట్టం మన దేశంలో 2007లోనే వచ్చింది. ధాన్యానికి వాడుతున్నాం. గుజ్జు డ్రమ్ముకు వాడాలంటే నాణ్యత తేల్చే లాబ్, నమ్మదగిన గోడౌను, డ్రమ్ములు అమ్మిపెట్టే మనిషి కావాలి. ఆ మనిషి మీలోంచి రావచ్చు. ప్రాజెక్టు రిపోర్టుకు ఏదో ఒక అంశం కావాలని మీ లెక్చరర్లు పొద్దున అన్నారు, ఇదిగో అంశం. మామిడి మార్కెట్లున్న బంగారుపాళ్యం, దామలచెరువు ఇక్కడికి ఎంత దూరమని, జూన్‌లో పోండి. ర్యాంపు దగ్గర రేటు, ఆడింపు ఖర్చు, ఆర్నెల్ల తర్వాత డ్రమ్ము ధర, మధ్యలో వడ్డీ. నాలుగు గళ్ళ పట్టిక. నష్టం వస్తుందని తేలినా నాకు చెప్పండి.

ఒక డ్రమ్ముకు సుమారు 400 కిలోల కాయ పడుతుంది. ఆ రాత్రి మా నాయన ట్రాలీలో ఉన్నది పది డ్రమ్ములు.