ఎపిసోడ్ 41: బ్రౌజర్‌ను స్టాండర్డ్ దారికి తేవడం (అనుకున్నాం)

అక్క: రికార్డవుతోందా?

తమ్ముడు: ఎర్ర చుక్క వెలుగుతోంది. కిందటిసారీ వెలిగిందనుకో.

అక్క: ఆ సంగతి ఎత్తకు. అందరికీ నమస్కారం. ఇవాళ్టి విషయం ముందే చెప్పాం. వెబ్ పేజీలను బ్రౌజర్లన్నీ ఎలా నడపాలో చెప్పే స్టాండర్డ్‌లో ఒకటి రాసి ఉంటుంది, బ్రౌజర్ ఏళ్ల తరబడి ఇంకోటి చేస్తుంటుంది. దాన్ని సరిచేయాలి, కానీ ఉన్న సైట్లు పాడవకూడదు. ఎలా? ఐదు మెట్లు రాసుకొచ్చాను.

తమ్ముడు: పోయినసారి ఏడు రాసుకొచ్చి మూడు చెప్పావు.

అక్క: నువ్వు కాసేపు ఊరుకుంటే ఐదూ అవుతాయి. మొదటిది లెక్క. క్రోమ్‌లో యూజ్ కౌంటర్లని ఉంటాయి. మనం మార్చబోయే పాత పద్ధతిని వాడే పేజీ ఎవరైనా తెరిస్తే ఓ అంకె పెరుగుతుంది. అలా ఎంతమంది దాని మీద ఆధారపడ్డారో ఓ అంచనా వస్తుంది.

తమ్ముడు: ఎంత ఉంటే తీసేయొచ్చు?

అక్క: క్రోమ్ లోపలి ఇంజిన్ అయిన బ్లింక్ వాళ్ల మార్గదర్శకాల్లో ఓ కొలత ఉంది. తెరిచిన పేజీల్లో 0.1 శాతం అంటే చాలా ఎక్కువ. 0.001 శాతం అంటే చిన్నదే, అయినా లెక్కచేయాల్సిందే.

తమ్ముడు: అంటే లక్షలో ఒకటి. దానికి కూడా ఆగాలా?

అక్క: ఆ లక్షలో ఒకటి ఎవరి పేజీ అన్నది కదా ప్రశ్న. ఇంకో తిరకాసు కూడా ఉంది. వాడుతున్నారనే కౌంటర్ చెబుతుంది, మారిస్తే పాడవుతుందో లేదో చెప్పదు. అందుకని ఆ సైట్లలో కొన్నిటిని ఏరుకుని, కొత్త బ్రౌజర్‌లో ఒక్కొక్కటీ తెరిచి, మెనూలు నొక్కి, ఫారాలు నింపి చూస్తారు. చేత్తో చేసే పని. ఎవరికీ ఇష్టముండదు.

తమ్ముడు: నీకు తప్ప.

అక్క: నాకు తప్ప. రెండోది ఫ్లాగ్. కొత్త పద్ధతిని కోడ్‌లో పెట్టి, దానికో స్విచ్ తగిలిస్తారు. ముందు నైట్లీలో, అంటే రోజూ వచ్చే పరీక్ష వెర్షన్‌లో వేస్తారు, తర్వాత బీటాలో, ఆ తర్వాత మామూలు వాడకందారుల్లో కొద్ది శాతానికి. తేడా కొడితే కొత్త వెర్షన్ విడుదల చేయనక్కర్లేదు, దూరం నుంచే స్విచ్ ఆపేస్తారు.

తమ్ముడు: స్విచ్చులు సరే అక్కా, అసలు బ్రౌజర్ తన పేరు తాను నిజంగా చెప్పుకోలేని లోకంలో...

అక్క: వచ్చేసింది! ఎన్నో నిమిషం?

తమ్ముడు: నాలుగు.

అక్క: నాలుగుకే. రాసుకోండయ్యా, కొత్త రికార్డు.

తమ్ముడు: నవ్వు. సైట్ క్రోమ్‌ను పేరడిగితే, అంటే యూజర్ ఏజెంట్ అడిగితే, ఏమంటుంది? ముందు మొజిల్లా/5.0 అంటుంది. తర్వాత ఆపిల్‌వెబ్‌కిట్ అంటుంది, గెకో లాంటిదాన్ని అంటుంది, చివర్లో సఫారీ అని కూడా అంటుంది. మధ్యలో ఎక్కడో తన పేరు. ఎప్పుడో సైట్లు పేరు చూసి మంచి పేజీ ఇచ్చేవి, లేకపోతే లేదు. అందుకని వచ్చిన ప్రతివాడూ ముందువాడి పేరు తగిలించుకున్నాడు. ఇప్పుడు తీద్దామంటే తీయలేం.

అక్క: పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ. మన శ్రోతలకు ఇది నీకంటే బాగా కంఠతా వచ్చు. మూడో మెట్టు...

తమ్ముడు: ఆగు, నైట్లీ అన్నావు. స్మూష్ చెప్పకుండా నైట్లీ దాటిపోతావా?

అక్క: స్మూష్ వద్దు. మనిద్దరికీ పడదు.

తమ్ముడు: అందుకే కావాలి.

అక్క: సరే. కొత్తగా వినేవాళ్ల కోసం ఒక్క ముక్కలో. విలువల వరుసను అర్రే అంటారు. అర్రేలోపల అర్రేలుంటే వాటిని విప్పి ఒకే వరుస చేసే మెథడ్, అంటే పేరుపెట్టి పిలిచే ఆజ్ఞ, వెబ్ పేజీల భాష జావాస్క్రిప్ట్‌లోకి రావాలి. పేరు ఫ్లాటెన్. 2018 మార్చిలో ఫైర్‌ఫాక్స్ నైట్లీలో పెట్టారు. ఓ జర్మన్ వాతావరణ సైట్ పాడయింది. కారణం మూట్‌టూల్స్ అనే పాత లైబ్రరీ, అంటే సైట్లు తెచ్చి వాడుకునే రెడీమేడ్ కోడ్.

తమ్ముడు: ఎలా పాడయిందో చెప్పు. అందరూ పేరు గుద్దుకుందంటారు, అంతే అయితే ఏ గొడవా లేదు.

అక్క: నిజమే, అసలు మజా అక్కడే ఉంది. మూట్‌టూల్స్ అర్రేకి తన సొంత ఫ్లాటెన్ తగిలించేది. బ్రౌజర్‌లో ముందే ఉన్నా సరే, దాని మీదే తనది రాసేసేది. తర్వాత ఫర్-ఇన్ లూప్ తిప్పి, అర్రేకి ఉన్న మెథడ్లన్నీ ఎలిమెంట్స్ అనే తన ఇంకో వస్తువుకి కాపీ చేసుకునేది. సొంతంగా తగిలించినవి ఆ లూప్‌కి కనబడతాయి. బ్రౌజర్ ఇచ్చినవి కనబడవు, వాటి మీద తనది రాసినా కనబడవు. కాబట్టి బ్రౌజర్‌కి ఫ్లాటెన్ వచ్చిన రోజున ఎలిమెంట్స్‌కి ఫ్లాటెన్ పోయింది. పిలిస్తే పలికేది లేదు. పేజీ అక్కడే ఆగిపోయింది.

తమ్ముడు: తనది రాసుకున్నా తన లూప్‌కే కనబడకపోవడం కొంప ముంచింది!

అక్క: అదీ. ఇక పేరు మార్చాలి కదా, ప్రతిపాదన రాసినాయన సరదాకి స్మూష్ అన్నాడు. జనం నిజమనుకుని మండిపడ్డారు. మే నెలలో జావాస్క్రిప్ట్ స్టాండర్డ్ కమిటీ కూర్చుని ఫ్లాట్ అని తేల్చింది. అయిపోయింది, మూడో మెట్టు.

తమ్ముడు: అవలేదు. నా గొడవ ఇప్పుడు మొదలు. 2006లో పుట్టిన ఓ లైబ్రరీ. తనది కాని వస్తువు మీద మెథడ్లు అతికించింది. తప్పు దానిది. మంచి పేరు పోగొట్టుకున్నది మాత్రం ఇకముందు జావాస్క్రిప్ట్ రాసే ప్రతివాడూ. ఇదేం న్యాయం?

అక్క: ఆ సైట్‌లో రేపు వానొస్తుందా అని చూసుకునేవాడికి మూట్‌టూల్స్ అంటే ఏమిటో తెలుసా? నిన్న పనిచేసింది, ఇవాళ లేదు. వాడు లైబ్రరీని తిట్టడు, బ్రౌజర్‌ని తిడతాడు. తిట్టి పక్క బ్రౌజర్‌కి పోతాడు. ఏ బ్రౌజరూ ముందు తాను మారనని ఎందుకంటుందనుకున్నావు?

తమ్ముడు: మరి స్టాండర్డ్ ఎందుకు? పాతదేదీ కదపకూడదంటే అది స్టాండర్డ్ కాదు, మ్యూజియం.

అక్క: ఒరేయ్, అతిశయోక్తి.

తమ్ముడు: అతిశయోక్తా? కంటైన్స్ అనే పేరు పోయి ఇంక్లూడ్స్ వచ్చింది, దానికీ మూట్‌టూల్సే. ఫ్లాటెన్ పోయింది. అర్రే మీద గ్రూప్‌బై పెడదామంటే అదీ కుదరక చివరికి ఆబ్జెక్ట్ దగ్గర పెట్టుకున్నారు. పేర్లు ఒక్కొక్కటిగా ఎవరెవరో చనిపోయినవాళ్ల పేర రిజిస్టరై ఉన్నాయి.

అక్క: నేనూ తగిలించాను.

తమ్ముడు: ఏంటి?

అక్క: అర్రేకి. సొంత మెథడ్. ఉద్యోగంలో చేరిన కొత్తలో. పేరు చెప్పను, చెబితే ఈ ఎపిసోడ్ మొత్తం దాని మీదే నడుపుతావు. నేను మానేసి వచ్చాక కూడా ఆ కోడ్ ఏళ్ల తరబడి నడిచింది. ఇప్పటికీ నడుస్తుండొచ్చు. రేపు కమిటీ అదే పేరు పెడితే పాడయ్యే పేజీ నాది. సరిచేయడానికి అక్కడ మనిషి లేడు. అందుకే నువ్వు తప్పు వాళ్లది అన్నప్పుడల్లా నాకు గుచ్చుకుంటుంది.

తమ్ముడు: ఇది నాకెప్పుడూ చెప్పలేదు.

అక్క: నువ్వు ఎప్పుడూ మొజిల్లా/5.0 గురించే మాట్లాడతావు కదా.

తమ్ముడు: సరే, ఒప్పుకుంటా. కానీ పూర్తిగా కాదు. ఒక్కోసారి పాడవుతుందని తెలిసీ మార్చాల్సిందే. కుకీలు, అంటే సైట్ మన బ్రౌజర్‌లో దాచుకునే గుర్తులు, వాటి సంగతి చూడు. సేమ్‌సైట్ అని రాయని కుకీ ఏ సైట్ నుంచి పిలిచినా వెళ్లిపోయేది. దాన్ని వాడుకుని వేరే సైట్ నీ పేరు మీద పనులు చేయించొచ్చు. 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80తో దాన్ని మార్చడం మొదలుపెట్టారు. రాయకపోతే లాక్స్, అంటే వేరే సైట్ నుంచి పిలిస్తే చాలావరకు వెళ్లకూడదని, అనుకుంటామన్నారు. లాగిన్లు కొన్ని పాడవుతాయని తెలిసే చేశారు. నేను వాళ్ల పక్షం.

అక్క: ఏప్రిల్‌లో ఏమైందో కూడా చెప్పు.

తమ్ముడు: వెనక్కి తీసుకున్నారు. కోవిడ్. బ్యాంకులు, సరుకులు, ప్రభుత్వ సేవలు, ఆరోగ్యం, అన్నీ జనం ఇంట్లో కూర్చుని తెరిచే రోజులు. అప్పుడు లాగిన్ పాడైతే ఎలా? జులైలో మళ్లీ మొదలుపెట్టారు.

అక్క: మార్పు సరైనదే. ఆ నెల సరైనది కాదు.

తమ్ముడు: ఊ. ఆ రోజుల్లో నేను అమ్మకి ఫోన్‌లోనే బ్యాంకు పేజీ తెరవడం నేర్పాను. రోజూ ఒకే బటన్ అడిగేది. అది కాస్త పక్కకి జరిగినా ఏడ్చినంత పని చేసేది.

అక్క: ఆ పసుపు బటన్.

తమ్ముడు: ఆ పసుపు బటన్.

అక్క: నా మెట్లెక్కడ ఆగాయి?

తమ్ముడు: రెండు. కానీ నీ ఫ్లాగ్‌కి మంచి ఉదాహరణ చెబుతా, నిజంగా. 2022లో క్రోమూ ఫైర్‌ఫాక్సూ రెండూ వెర్షన్ 100కి వచ్చాయి. పేరులోంచి రెండంకెలే చదివే సైట్లకు అది 10లా కనబడుతుంది. పాత బ్రౌజర్ అని బయటికి గెంటేస్తాయి. అందుకని నెలల ముందే 100 అని చెప్పుకునే ఫ్లాగ్ పెట్టి జనంతో పరీక్ష చేయించారు. మరీ కుదరకపోతే 99 దగ్గరే ఆగిపోయి, అసలు అంకెను చుక్క తర్వాత దాచాలని కూడా ఓ పథకం ఉంచుకున్నారు.

అక్క: యూజర్ ఏజెంట్‌కి మళ్లీ ఎంత అందంగా వచ్చావురా.

తమ్ముడు: థాంక్స్.

అక్క: టైమ్ లేదు, తక్కినవి పరుగు. మూడు, పరీక్షలు: వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్, అన్ని బ్రౌజర్లకూ ఒకటే, స్టాండర్డ్ మారితే ముందు అక్కడ టెస్ట్ మారాలి. నాలుగు, ముందే హెచ్చరిక: డెవలపర్లు చూసే కన్సోల్‌లో, బ్లాగుల్లో. ఐదు, అవసరమైతే స్టాండర్డ్‌నే మార్చుకోవడం. డాక్యుమెంట్.ఆల్ ఉంది చూడు, పేజీలోని భాగాలన్నీ ఇచ్చే పాత వస్తువు, అది ఉన్న వస్తువే, అయినా టైప్‌ఆఫ్ అని దాని రకం అడిగితే అన్‌డిఫైన్డ్, అంటే లేనే లేదు, అంటుంది. పాత పేజీల కోసం స్టాండర్డే జావాస్క్రిప్ట్ నియమాన్ని కావాలని మీరింది.

తమ్ముడు: మ్యూజియం అన్నానా లేదా.

అక్క: ఇక ఇవాళ్టి అసలు ఉదాహరణ, హెచ్1, అంటే పేజీలో పెద్ద శీర్షిక. సెక్షన్, ఆర్టికల్ అనే పేజీ భాగాల లోపల హెచ్1 పెడితే బ్రౌజర్ దానంతటదే చిన్నది చేసేది. లోపలికి పోయినకొద్దీ ఇంకా చిన్నది. లోతును బట్టి శీర్షిక స్థాయి లెక్కేసే ఆ అవుట్‌లైన్ పద్ధతిని స్టాండర్డ్ 2022లోనే వదిలేసింది. ఇప్పుడు బ్రౌజర్లు ఆ చిన్నది చేయడం కూడా మానేస్తున్నాయి. ఎక్కడున్నా ఒకటే సైజు. సైజు నువ్వే సీఎస్ఎస్‌లో, అంటే పేజీ రూపం చెప్పే కోడ్‌లో, రాసుకుంటే ఏ తేడా రాదు. రాసుకోకుండా బ్రౌజర్ మీద వదిలేసినవాళ్లకు మాత్రం...

తమ్ముడు: అక్కా.

అక్క: చెప్పనీ. వాళ్లకు శీర్షిక ఒక్కసారిగా...

తమ్ముడు: అక్కా, మన ఎపిసోడ్ల పేజీ నైట్లీలో తెరిచాను. శీర్షిక రెండు వరుసలు దాటి ప్లే బటన్ మీద కూర్చుంది.

అక్క: ఆ పేజీ ఎవరు రాశారు?

తమ్ముడు: సెక్షన్ లోపల ఆర్టికల్, ఆర్టికల్ లోపల హెచ్1. సీఎస్ఎస్‌లో సైజు లేదు.

అక్క: ఎవరు రాశారని అడిగాను.

తమ్ముడు: ఆ ఎర్ర చుక్క ఇంకా వెలుగుతోందా?