కొరియర్‌లో చీర పోయింది, డబ్బు ఎవరు కట్టాలి?

(తెర మీద: చేతిలో గులాబీ రంగు కార్బన్ కాపీ రసీదు, బాగా దగ్గరగా)

ఈ రసీదు ఒకసారి చూడండి. మంగళగిరిలో ఒక కొరియర్ కౌంటర్ దగ్గర మార్చి 3న రాసిచ్చింది. పంపినవాళ్ళ పేరు, అందుకోవాల్సిన వాళ్ళ పేరు, కరీంనగర్ అడ్రసు, అన్నీ ఉన్నాయి. బరువు 800 గ్రాములు. ఛార్జి 120 రూపాయలు. కింద ఎడమ పక్కన చిన్న గడి ఒకటి కనిపిస్తోందా? "వస్తువు విలువ" అని ఉంది. దాంట్లో ఏమీ రాయలేదు. ఈ ఖాళీ గడి దగ్గరికి మళ్ళీ వస్తాను, గుర్తు పెట్టుకోండి.

ఆ పార్సిల్‌లో ఉన్నది 4,200 రూపాయల మంగళగిరి పట్టు చీర. పంపింది మా వదిన. ఇంట్లోనే ఉండి వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో చీరలు అమ్ముతుంది. కొన్నావిడ చీర డబ్బు, షిప్పింగ్ డబ్బు రెండూ ముందే యూపీఐలో వేసేసింది. నాలుగు రోజులు ట్రాకింగ్ బాగానే కదిలింది. హైదరాబాద్ హబ్ దగ్గర ఆగింది. అక్కడి నుంచి పన్నెండు రోజులు "ఇన్ ట్రాన్సిట్" అనే మాట తప్ప ఇంకేమీ లేదు.

కరీంనగర్ ఆవిడ వాయిస్ మెసేజ్ పెట్టింది: "అక్కా, మా పాప ఫంక్షన్‌కి అనుకున్న చీర. ఫంక్షన్ కూడా అయిపోయింది. నా పైసలు నాకు పంపెయ్యండి."

వదిన జవాబు: "అమ్మా, నేను పంపించాను కదా. రసీదు కూడా పెట్టాను. కొరియర్ వాళ్ళని గట్టిగా అడగండి."

ఆవిడ అడిగింది కూడా. కొరియర్ ఆఫీసులో చెప్పింది ఒక్కటే: "బుక్ చేసిన పార్టీని కంప్లైంట్ ఇవ్వమనండి మేడం."

ఇక్కడ ఇద్దరిలో ఎవరూ మోసగాళ్ళు కాదు. ఒకరి డబ్బు పోయింది, ఇంకొకరి చీర పోయింది. ఇలాంటప్పుడు చట్టం నష్టాన్ని ఎవరి మీద వేస్తుంది? దీనికి జవాబు నేను అనుకున్నంత సూటిగా లేదు.

(తెర మీద: 1930)

వస్తువుల అమ్మకానికి మన దేశంలో మూలం 1930 నాటి వస్తు విక్రయ చట్టం. దాని 39వ సెక్షన్ మొదటి భాగం చదివితే వదినకి ప్రాణం లేచొస్తుంది. కొన్నవాళ్ళకి చేరవేయమని సరుకును రవాణాదారు చేతికి ఇస్తే, ప్రాథమికంగా అది కొన్నవాళ్ళకి ఇచ్చినట్టే లెక్క. అంటే కొరియర్ కౌంటర్ మీద పెట్టగానే చీర కరీంనగర్ ఆవిడదైపోయినట్టు. చీర ఎవరిదో నష్టం కూడా వాళ్ళదే అని 26వ సెక్షన్.

చాలామంది అమ్మేవాళ్ళు ఇక్కడితో ఆగిపోతారు. "డిస్పాచ్ అయ్యాక మా బాధ్యత లేదు" అని గ్రూపు డిస్క్రిప్షన్‌లో పెట్టుకుంటారు. కానీ అదే 39వ సెక్షన్ రెండో భాగం ఇంకో మాట అంటుంది. సరుకు ఎలాంటిదో చూసుకుని, దానికి తగ్గట్టు రవాణాదారుతో ఒప్పందం చేసుకోవాల్సింది అమ్మినవాళ్ళే. అది సరిగ్గా చేయకపోతే, దారిలో సరుకు పోయినప్పుడు "ఇది నాకు అందినట్టు కాదు" అనే హక్కు కొన్నవాళ్ళకి ఉంది. నష్టపరిహారం కూడా అడగొచ్చు.

ఇప్పుడు ఆ ఖాళీ గడి చూడండి. 4,200 రూపాయల పట్టు చీరని విలువ రాయకుండా, ఇన్సూరెన్స్ లేకుండా, 120 రూపాయల మామూలు పార్సిల్‌గా పంపడం తగిన ఒప్పందమేనా? ఆ ప్రశ్న వస్తే వదిన దగ్గర గట్టి జవాబు లేదు.

చిన్న పక్కదారి పడతాను. మన 1930 చట్టం 1893 నాటి బ్రిటిష్ చట్టాన్ని చూసి రాసుకున్నది. ఓడల్లో బేళ్ళు, బస్తాలు పంపుకునే వ్యాపారుల కోసం పుట్టిన సూత్రం అది. ఇద్దరూ వ్యాపారులే, ఇద్దరికీ బీమా తెలుసు. ఇంట్లో కూర్చుని ఫోన్లో చీర కొనేవాళ్ళకి అది సరిపోదని బ్రిటన్ గుర్తించింది. వాళ్ళ 2015 వినియోగదారుల చట్టంలో సరుకు కొన్నవాళ్ళ చేతికి అందేదాకా నష్టం అమ్మినవాళ్ళదేనని తేటగా రాసుకుంది. కొన్నవాళ్ళే సొంతంగా మనిషిని పెట్టి తెప్పించుకుంటే మాత్రం వేరు. మన చట్టంలో అంత తేటగా రాసిన వాక్యం ఉండాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. అది లేకే ఈ గొడవలన్నీ.

అలాగని మన దగ్గర కొన్నవాళ్ళు దిక్కులేనివాళ్ళు కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. దాని కింద 2020 జులైలో ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. చెప్పిన గడువు కంటే ఆలస్యంగా వస్తే సరుకు వెనక్కి తీసుకోను, డబ్బు ఇవ్వను అని అమ్మేవాళ్ళు అనకూడదని ఆ నియమాల్లో ఉంది. వరదలు, ప్రకృతి విపత్తుల వల్ల ఆలస్యమైతేనే మినహాయింపు. ఆలస్యంగా వచ్చిన చీరకే డబ్బు తిరిగివ్వాలంటే, అసలు రాని చీర సంగతి వేరే చెప్పాలా?

"అవి పెద్ద కంపెనీలకి కదా, నేను వాట్సాప్‌లో అమ్ముకునేదాన్ని" అంది వదిన. నేనూ మొదట అలాగే అనుకున్నాను. నియమాల మొదట్లోనే ఒక మినహాయింపు ఉంది: వ్యాపారంగా కాకుండా వ్యక్తిగతంగా, ఎప్పుడో ఒకసారి అమ్ముకునేవాళ్ళకి ఇవి వర్తించవు. పాత సోఫా అమ్ముకున్నవాళ్ళు దాంట్లోకి వస్తారు. వారానికి నలభై చీరలు క్రమం తప్పకుండా అమ్మే మనిషి రారు.

పెద్ద ప్లాట్‌ఫామ్‌లో కొంటే పని కాస్త సులువు. కొరియర్‌ని పెట్టేది చాలావరకు వాళ్ళే, డబ్బు పట్టుకునేదీ వాళ్ళే. వాళ్ళ గ్రీవెన్స్ ఆఫీసర్ మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. క్యాష్ ఆన్ డెలివరీలో అయితే కొన్నవాళ్ళ డబ్బు పోనే పోదు.

కొన్నవాళ్ళ మీదే నష్టం పడే సందర్భాలూ ఉన్నాయి. "మా మనిషి వస్తాడు, పార్సిల్ అతని చేతికివ్వండి" అని మీరే చెబితే, అతనికి ఇవ్వడంతో అమ్మినవాళ్ళ పని అయిపోయింది. పిన్‌కోడ్ తప్పిచ్చి, ఫోన్ ఎత్తకపోయినా అమ్మినవాళ్ళని పట్టుకోవడం కష్టం.

ఇంకొకటి, అందకుండానే "డెలివర్డ్" అని చూపించడం. అప్పుడు గొడవ పడకుండా డెలివరీ ప్రూఫ్ అడగండి. సంతకం ఎవరిది, ఓటీపీ ఏ నంబరుకి వెళ్ళింది, ఫోటోలో కనిపించే గుమ్మం మీదేనా. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సంతకం పెట్టి గదిలో పెట్టి మరిచిపోయిన పార్సిళ్ళు నేనే రెండు చూశాను.

పార్సిల్ పోయిన కంగారులో కొరియర్ కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికి, దొరికిన మొదటి నంబరుకి ఫోన్ చేయకండి. "అయిదు రూపాయలు కట్టండి, ఈ యాప్ వేసుకోండి" అన్నారంటే అది దొంగ నంబరే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్. మన వస్తు విక్రయ చట్టం వచ్చిన సంవత్సరమూ 1930యే, అలా గుర్తుపెట్టుకోండి. అమ్మినవాళ్ళతో తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా కుదరకపోతే మీరు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. కరీంనగర్ ఆవిడ మంగళగిరి రానక్కర్లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వేయాలి.

(తెర మీద: మళ్ళీ రసీదు. ఈసారి వెనక వైపు, చీమల్లాంటి అక్షరాలు)

ఇప్పుడు వదిన వైపు. వీడియోలో నేను ఎక్కువ చెప్పాలనుకున్నది ఇదే, ఎందుకంటే ఈ భాగం ఎవరూ చెప్పరు.

కొరియర్‌కి కస్టమర్ ఎవరు? డబ్బు కట్టి, రసీదు తీసుకున్న మనిషి. అంటే వదిన. "బుక్ చేసిన పార్టీని ఇవ్వమనండి" అని కొరియర్ వాళ్ళన్నది ఇందుకే, ఆ మాటలో తప్పులేదు. కొన్నావిడ వదినని అడగాలి, వదిన కొరియర్‌ని అడగాలి.

రోడ్డు రవాణాకి 2007 చట్టం ఉంది, 2011 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంటి నుంచి ఇంటికి చేర్చే కొరియర్ ఏజెన్సీలు కూడా దాని కిందికే వస్తాయి. సరుకు పోతే వాళ్ళ నిర్లక్ష్యం వల్లే పోయిందని మీరు నిరూపించనక్కర్లేదు. ఇచ్చాను, చేరలేదు, అంతే చాలు. ఇది చాలా పెద్ద బలం.

కానీ ఎంత ఇవ్వాలన్న దగ్గర దెబ్బ తగులుతుంది. ఎక్కువ రిస్కు రేటు, అంటే సరుకు విలువ చెప్పి దానికి అదనంగా కట్టే ఛార్జి, కట్టి బుక్ చేస్తే తప్ప, 2011 నియమాల ప్రకారం రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. అదీ రసీదులో రాసిన విలువ దాటకుండా. 120కి పది రెట్లు 1,200. 4,200 చీరకి 1,200.

రసీదు వెనక షరతులు ఇంకా తక్కువ చెప్పొచ్చు. 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన భారతి నిట్టింగ్ కేసు ఉంది. దుస్తుల ఎగుమతిదారు జర్మనీకి కొరియర్‌లో పంపిన కాగితాలు చేరలేదు. అక్కడ వేసవి సీజన్ దాటిపోయింది, కొనేవాళ్ళు రేటు తగ్గించేశారు. రాష్ట్ర కమిషన్ 4 లక్షలకు పైగా ఇప్పించింది. జాతీయ కమిషన్ దాన్ని 100 డాలర్లకి తగ్గించింది, ఎందుకంటే సంతకం పెట్టిన రసీదులో అంతవరకే బాధ్యత అని ఉంది. సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. సంతకం లేకుండా, షరతులు చదివే వీలు లేకుండా చేతిలో పెట్టిన రసీదులకి ఆ పరిమితి చెల్లదని తర్వాత కొన్ని కేసుల్లో కమిషన్లు అన్నాయి. ఆ వాదన ఉంది కానీ దాన్నే నమ్ముకుని పట్టు చీరలు పంపలేం కదా.

పోస్టాఫీసు సంగతి వేరే. ప్రభుత్వం ఆ 2007 చట్టం కిందికి రాదు. 1898 తపాలా చట్టం, దాని స్థానంలో 2024 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన 2023 చట్టం, రెండూ నియమాల్లో ఒప్పుకున్నంత వరకే పోస్టాఫీసు బాధ్యత అంటాయి. 1999లో స్పీడ్ పోస్టుకి పెట్టిన లెక్క చూడండి: పోతే కట్టిన ఛార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, రెండిట్లో ఏది తక్కువైతే అది. విలువైన వస్తువు పంపేటప్పుడు కౌంటర్ దగ్గర ఇన్సూరెన్స్ చేస్తారా అని నోరు తెరిచి అడగాలి.

చివరి విషయం, చాలామంది ఇక్కడే ఓడిపోతారు. కొరియర్ మీద కేసు వేయాలంటే ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అదీ బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు. పోయిందని తెలిసిన రోజు నుంచి కాదు. మార్చి 3న బుక్ చేస్తే ఆగస్టు 30 చివరి రోజు. "వెతుకుతున్నాం మేడం, ఇంకో వారం" అని వాళ్ళు ఆరు నెలలు గడిపేస్తే మీ చేతిలో ఏమీ ఉండదు. ఫోన్లో అరిచినది నోటీసు కాదు. డాకెట్ నంబరు (రసీదు మీద ఉండే పార్సిల్ నంబరు), బుకింగ్ తేదీ, ఏం పోయింది, విలువెంత, బిల్లు కాపీ, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పంపి, అందిన రుజువు దాచుకోండి.

"నేను వ్యాపారం చేస్తున్నాను, వినియోగదారుల కమిషన్ నన్ను రానిస్తుందా?" అనే భయం కూడా ఉంటుంది. బతుకుతెరువు కోసం సొంతంగా చేసుకునే పనిని చట్టం వ్యాపార ప్రయోజనం కింద లెక్కగట్టదు. ఇంటి నుంచి చీరలు, పచ్చళ్ళు అమ్ముకునేవాళ్ళు ఆ వాదన ధైర్యంగా వినిపించొచ్చు.

వదిన ఏం చేసిందంటే, కరీంనగర్ ఆవిడకి షిప్పింగ్‌తో సహా మొత్తం 4,320 రెండు విడతల్లో తిరిగిచ్చింది. ఆవిడ ఉగాదికి మళ్ళీ రెండు చీరలు తీసుకుంది. కొరియర్ వాళ్ళకి ఏప్రిల్‌లోనే నోటీసు వెళ్ళింది. జూన్‌లో 1,200 వచ్చాయి. మిగతా మూడు వేల చిల్లర వదినకి నష్టమే.

నిన్న నేనూ తనతో కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. చెన్నైకి ఒక చీర, 6,500ది. కుర్రాడు బరువు చూసి, ఛార్జి రాసి, రసీదు చింపబోయాడు.

"బాబూ, ఆ గడిలో 6,500 అని రాయి."

"దానికి ఎక్స్‌ట్రా పడుతుంది ఆంటీ. ఇన్సూరెన్స్."

"ఎంత?"

"అరవై."

"రాయి."

(తెర మీద: రసీదు. గడిలో 6,500)